పటం కట్టిన వంశం

'పటం' అన్న మాట తెలుగులో చాలా దూరం నడిచింది. సంస్కృతంలో పటమంటే వస్త్రం. బట్ట మీద బొమ్మ గీస్తే చిత్రపటం. కాలక్రమంలో బట్ట పోయి కాగితం వచ్చింది, కుంచె పోయి అచ్చుయంత్రం వచ్చింది, పేరు మాత్రం అట్లాగే అంటుకొని ఉంది. దేశపటం పటమే, దేవుడి పటం పటమే, పిల్లలు ఎగరేసే గాలిపటమూ పటమే. చివరకు చెక్కచట్రంలో గాజుపలక వెనుక బిగించిన తాతగారి ఫోటో కూడా పటమే అయింది. పనికిరాని యోగ్యతాపత్రం చూపి ఎవరైనా గొప్పలు పోతే "పటం కట్టించుకొని గోడకు తగిలించుకో" అని వెక్కిరిస్తాం. ఆ వెక్కిరింతలో కూడా పటం కట్టించడమంటే శాశ్వతం చేయడమన్న నమ్మకం దాగి ఉంది.

నేనిక్కడ చెప్పదలచినది ఒక ప్రత్యేకమైన పటం గురించి. వరంగల్లు, హనుమకొండ పాత ఇండ్లలో నడింట్లో, తలుపుకు ఎగువన, గోడ నుండి కొంచెం ముందుకు వంగి వేలాడే పెద్ద అద్దాల చట్రం మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఉండేది ఒక్క ఫోటో కాదు. పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. నడుమ పెండ్లి ఫోటో, చుట్టూ పాస్‌పోర్టు సైజు ముఖాలు, ఒక మూల బడిపిల్లల గ్రూపు ఫోటో, కింద బోర్లాపడ్డ పసిబిడ్డ, ఇంకా జాగా మిగిలితే క్యాలెండరులోంచి కత్తిరించిన వేంకటేశ్వరుడు. చదువుకున్నవారు దీన్ని కొలాజ్ అంటారు. అది ఫ్రెంచి మాట, జిగురుతో అంటించడమని అర్థం. పారిస్‌లో పికాసో, బ్రాక్ అనే ఇద్దరు చిత్రకారులు 1912లో గోడకాగితాల ముక్కలూ వార్తాపత్రికల ముక్కలూ తమ బొమ్మలకు అంటించడం మొదలుపెట్టిన తరువాత కళాలోకంలో ఆ మాట స్థిరపడింది. పటాలు కట్టే దుకాణదారుకు పికాసోతో పనిలేదు. ఉన్న ఫోటోలన్నిటినీ ఒకే అద్దం కింద ఇమిడిస్తే అద్దం ఖర్చు, చట్రం ఖర్చు కలిసివస్తాయి. అంతవరకే అతని సౌందర్యశాస్త్రం.

అయితే పొదుపు ఒక్కటే కారణమని నేననుకోను. వంశాన్నంతటినీ గడులు గడులుగా ఒకే పటంలో కూర్చి, వేలాడదీసి, నలుగురికీ చూపడం ఈ ప్రాంతానికి ఫోటోల కంటే చాలా ముందే తెలుసు.

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. 2016లో జిల్లాలను విభజించకముందు అది వరంగల్ జిల్లా ఊరు. అక్కడి నకాషీలు ఖాదీ బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూత పూస్తారు. ఆరిన పిదప ఎర్రని నేలరంగు మీద కథను వరుసలు వరుసలుగా చిత్రిస్తారు. పటం వెడల్పు సుమారు మూడడుగులు; పొడవు నలభై అడుగులు దాటినవీ ఉన్నాయి. పైన వినాయకుడితో మొదలై కిందికి దిగుతుంది కథ. వరుసకూ వరుసకూ నడుమ పూలతీగల అంచు ఉంటుంది. అందులో ఉండేది రామాయణ భారతాలే కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం. ఏ కులానికి ఆ కులం మూలపురుషుడి కథ. మనకు రాజుల వంశావళి చరిత్ర, తక్కినవారిది కట్టుకథ అని బడిలో నేర్పారు గాని, ఊరూరా పటం విప్పి చూపిన చరిత్ర ఈ తక్కినవారిదే.

ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. పటం తనంతట తాను మాట్లాడదు. దాన్ని విప్పేవారు, పుల్లతో ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ పాడేవారు వేరే ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు. ఏ ఊళ్లు ఎవరి వంతన్నది మిరాశి హక్కుగా పంచుకొని, ఏండ్లకొకసారి వచ్చి, దాతృకులం వాకిట్లో రాత్రిపూట పటం కట్టి కథ చెప్పి వెళ్లేవారు. పటంలేని చోట కూడా ఇటువంటి పని చేసినవారున్నారు: పిచ్చుకుంట్లవారు కాపుల ఇండ్ల ముందు నిలిచి గోత్రాలూ ఇంటిపేర్లూ తరాలూ ఒప్పజెప్పేవారు. అంటే బొమ్మ ఒకరిది, నోరు మరొకరిది. రెండూ కలిస్తేనే వంశం. చిరిగి పనికిరాకుండా పోయిన పటాన్ని చెత్తలో పారేయకుండా, మనిషికి చేసినట్లే కర్మ చేసి నదిలో విడిచేవారని పరిశోధకులు రాశారు. ఈ ఆచారం గురించి చదివినప్పటి నుండి, అటక మీద బూజుపట్టిన ఫోటో ఆల్బం చూసినప్పుడల్లా నాకు కొంత ఇబ్బందిగా ఉంటుంది.

నోటితో చెప్పిన వంశావళి ఇట్లా ఉంటే, రాతి మీద చెక్కినదాని సంగతి వేరు. కాకతీయుల తొలి తరాల పేర్లు మనకు వరుసగా తెలిశాయంటే దానికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి బయ్యారం చెరువు శాసనం. బయ్యారం నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. దాన్ని వేయించినది రాజు కాదు, రాజు తోబుట్టువు. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ అక్కడ ధర్మకీర్తి సముద్రమనే చెరువు తవ్వించి, దాని గట్టున వేయించిన శాసనంలో వెన్నడు మొదలుకొని తన పుట్టింటి పూర్వుల పేర్లను వరుసగా చెక్కించింది. అత్తవారింటికి వెళ్లిన ఆడబిడ్డ పుట్టింటి వంశాన్ని రాతికెక్కించిందన్న మాట. ఆమె ముఖం ఎట్లా ఉండేదో మనకు తెలియదు. ఆమె తాతముత్తాతల పేర్లు తెలుసు. మన ఇంటి గోడ మీద వ్యవహారం సరిగ్గా తలకిందులు. ముఖాలున్నాయి, పేర్లు చెప్పేవారు కరువవుతున్నారు.

ఇక ఫోటో సంగతి. ఫ్రాన్సులో డగేర్ పద్ధతిని 1839లో ప్రకటించారు. ఆ మరుసటి ఏటికే కెమెరా ఇండియా చేరింది. మద్రాసులో 1856 నాటికి ఫోటోగ్రఫీ సంఘమే ఏర్పడింది. నిజాం రాజ్యంలో ఆ కళకు పెద్దదిక్కు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన మనిషి. 1880ల నడుమ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువుకు వచ్చి, 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. నిజాం ఆయనకు 'రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్' అన్న బిరుదు ఇచ్చాడు. బొమ్మల యుద్ధంలో వీరుడని చెప్పుకోవచ్చు. సరిగ్గా ఆ 1886లోనే సికింద్రాబాదు నుండి రైలు వరంగల్లు చేరింది. మూడేండ్లకు, 1889లో, ఆ దారి బెజవాడ దాకా సాగింది. స్టూడియో, రైలు ఒకే ఏట రావడం కాకతాళీయమే కావచ్చు. కాని గాజుపలకలు, రసాయనాలు, బరువైన కెమెరాలు మోసుకు తిరగవలసిన ఆ కాలంలో రైలు లేని ఊరికి ఫోటో రావడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

దీన్‌దయాళ్ వరంగల్లును ఫోటో తీశాడు. నిజాం రాజ్యపు దృశ్యాలతో 1892 నాటి ఆల్బం ఒకటుంది. అందులో వరంగల్ కోట మహాద్వారం, అంటే మనం నేడు కీర్తితోరణమని పిలుచుకొనేది, కనిపిస్తుంది. అనగా ఫోటోకు ఎక్కిన తొలి ఓరుగల్లు రాతి ఓరుగల్లు, శిథిలాల ఓరుగల్లు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తుశాఖను నెలకొల్పి గులాం యాజ్దానీని అధిపతిగా నియమించిన తరువాత ఆ రాళ్లకు ఇంకా ఎన్నో ఫోటోలు తీశారు. అటువంటి ఫోటోలలో కొన్నింట మనుషులూ నిలబడి ఉంటారు. స్తంభం ఎంత ఎత్తో తెలియడానికి కొలబద్దగా నిలబెట్టిన మనుషులు! వారి పేర్లు ఎవరూ రాసుకోలేదు. ఆ మహానుభావులకు కూడా మునిమనుమలు ఉండే ఉంటారు. తమ ముత్తాత ఫోటో ఏదో గ్రంథాలయంలో 'తోరణము, ఉత్తర దిక్కు' అన్న శీర్షిక కింద ఉందని వారికి తెలిసే వీలు లేదు.

దీన్‌దయాళ్ చేసిన మరొక పని మన విషయానికి ఇంకా దగ్గరిది. 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీల కోసం, ఎత్తయిన గోడల నడుమ, మగవాడి నీడ పడకుండా. దాన్ని నడిపినది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత. పెద్దింటి ఆడవారి ముఖాలు కెమెరాకెక్కడానికి ఇంత ఏర్పాటు కావలసివచ్చింది. దీన్‌దయాళ్ గాజు నెగటివులు రెండువేల ఎనిమిదివందలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. జనానాలో తీసిన ఫోటోలు మాత్రం ఆయా ఇండ్ల లోపలివి. బయటి కండ్లకు చూపడానికి తీసినవి కావు.

అదే కాలానికి కొంచెం ముందు ఇంగ్లండులో ఒక వింత జరుగుతున్నది. డిస్డేరి అనే ఫ్రెంచివాడు 1854లో ఒకే పలక మీద ఎనిమిది చిన్న ఫోటోలు తీసే పద్ధతికి హక్కు పొందాడు. దాంతో అరచేతిలో పట్టే ముఖాల కార్డులు చవకయ్యాయి. బంధువులూ స్నేహితులూ అవి ఇచ్చిపుచ్చుకోవడం పిచ్చిగా మారింది. 1860లు, 70లలో అక్కడి జమీందారీ ఇండ్ల స్త్రీలు ఆ కార్డుల నుండి ముఖాలు కత్తిరించి, తాము వేసిన నీటిరంగుల బొమ్మలలో అంటించసాగారు: మామగారి తల బాతు ఒంటికి, మరిదిగారి ముఖం విసనకర్రకు. వేల్స్ యువరాణి అలెగ్జాండ్రా కూడా ఇటువంటి ఆల్బం చేసింది. పికాసో కత్తెర పట్టడానికి నలభై ఏండ్ల ముందటి మాట ఇది. ఇంటి ఆడవారి కాలక్షేపం గనుక కళాచరిత్ర దాన్ని చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. 2009లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ప్రదర్శన పెట్టాక గాని దానికి పెద్దల మన్నన దొరకలేదు. నాకు దీనిలో నచ్చినది అల్లరి. మన గోడపటాలలో ఆ అల్లరి లేదు. మనవారు ఫోటో ముందు నిలబడితే కోర్టులో సాక్ష్యం చెప్పబోతున్నట్లు ఉంటారు.

ఆ బిగువుకు కారణాలు లేకపోలేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని నమ్మిన తరం అది. ఫోటో ఖర్చుతో కూడిన పని. ఫుల్ ప్లేటంటే ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు; హాఫ్ ప్లేటు నాలుగు ముప్పాతిక, ఆరున్నర; క్వార్టర్ ప్లేటు మూడుంబాతిక, నాలుగుంబాతిక. ఏ సైజు తీయించుకున్నాడన్నదాన్ని బట్టి ఆసామి స్థితి తెలిసిపోయేది. నల్లబట్ట కప్పుకొన్న ఫోటోగ్రాఫరు 'కదలొద్దు' అని గద్దించేవాడు. వెనుక గుడ్డ మీద గీసిన మెట్లు, స్తంభాలు, ఎక్కడా లేని సరస్సు. చేతిలో పుస్తకం, బల్ల మీద పూలకుండీ, అప్పు తెచ్చుకున్న కోటు. పిమ్మట నెగటివు మీద పెన్సిలుతో మచ్చలు సవరించడం, ప్రింటు మీద బుగ్గలకు గులాబిరంగు అద్దడం. నిజం చెప్పాలంటే ఆ ఫోటోలలో ఉన్నది మనుషులు కాదు, మనుషులు కావాలనుకున్న మనుషులు.

ఈ ప్రాంతంలో గోడపటాలు నిండినది స్వాతంత్ర్యానికి అటూ ఇటూ. 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది. నెలజీతాల జనం ఊళ్లో పెరిగారు. ఉద్యోగ విరమణ నాడు కుర్చీలు వేసి గ్రూపు ఫోటో తీయించుకునే ఆనవాయితీ వచ్చింది. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగు కళాశాలకు నెహ్రూ పునాదిరాయి వేశాడు, అదే సంవత్సరం వైద్య కళాశాల మొదలయింది. నల్లగౌను, గుండ్రంగా చుట్టిన పట్టా పట్టుకొన్న కొడుకు గోడకెక్కాడు. ఆ తరువాత కెమెరాయే ఇంట్లోకి వచ్చింది. వడోదరలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరా, రీలుకు పన్నెండు చతురస్రపు ఫోటోలు. ఊటీలో 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ము. వేయిస్తంభాల గుడి నంది పక్కన, కోట తోరణం కింద తీయించుకున్న ఫోటో లేని కుటుంబం మా ఎరుకలో లేదు. దీన్‌దయాళ్ ముక్కాలిపీట వేసి తీసిన ద్వారం కింద, నూరేండ్ల తరువాత, మా చిన్నాయన నల్లకండ్లద్దాలు పెట్టుకొని నిలబడ్డాడు. ఆ కంపెనీ మూతబడింది, మిల్లూ 2002లో మూతబడింది. ఫోటోలు ఉన్నాయి.

ఇన్ని ముఖాలు గోడకెక్కాయి గదా, ఎక్కనివారు ఎవరు? ఒక్కసారి మీ ఇంట్లో పాతపెట్టె తీసి లెక్కపెట్టి చూడండి. నేను లెక్కపెట్టాను. మా పెట్టెలో 1975కు ముందువి ఎనభైమూడు ఫోటోలున్నాయి. బాపు పదకొండింటిలో, తాత తొమ్మిదింటిలో ఉన్నారు. ఎనమండుగురిని కని, అందులో ఐదుగురిని పెంచి పెద్దచేసిన మా నాయనమ్మ ఒక్కదానిలో మాత్రమే ఉంది. అదీ ముఖం కాదు. మా పెద్దనాయన ఏడాది పిల్లవాడుగా ఉన్నప్పటి ఫోటోలో, అంచున, బిడ్డ పడిపోకుండా నడుము పట్టుకున్న చేయి. గాజులున్న చేయి. విక్టోరియా కాలపు ఇంగ్లండులో కూడా పసిబిడ్డలు కదలకుండా ఉండడానికి తల్లి మీద నిండా బట్ట కప్పి, ఆమెను కుర్చీలాగా కూర్చోబెట్టి, ఒడిలో బిడ్డను పెట్టి తీసేవారు. అక్కడ బట్టచాటు తల్లి, ఇక్కడ అంచుచాటు తల్లి.

ఆమె ముఖం ఉన్న ఫోటో మరొకటి దొరికింది, కాని పెట్టెలో కాదు. 1993లో ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపుకార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. శేషన్ పట్టుబట్టి చేయించిన పని అది. దొంగ ఓట్లు ఎంత తగ్గాయో రాజనీతిజ్ఞులు చెప్పాలి గాని, తెలుగు ఊళ్లలో వేలాది ముసలమ్మల ఏకైక ఫోటో అదేనని నేను చెప్పగలను. చనిపోయిన తరువాత పెద్దకర్మకు పెట్టడానికి ఫోటో కావలసివచ్చి, స్టూడియోకు ఓటరు కార్డో రేషను కార్డో పట్టుకుపోయినవారు మనలో ఎందరో. స్టూడియో కుర్రవాడు ఆ మసక ముఖాన్ని పెద్దది చేసి, నెరిసిన జుట్టు సరిదిద్ది, మెడలో లేని గొలుసు వేసి, వెనుక నీలాకాశం పెట్టి ఇస్తాడు. అంతకు ముందు తరంలో అయితే ఆ అవకాశమూ లేదు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ బంధువులు నిలబడి తీయించుకున్న ఫోటోయే ఆ మనిషి తొలి ఫోటో, తుది ఫోటో. అటువంటిదాన్ని పటంలో చేర్చాలా వద్దా అన్నది ప్రతి ఇంట్లో వచ్చే చిక్కు. చేర్చాలనే నా అభిప్రాయం. అంతకంటే వేరే ఆనవాలు లేనప్పుడు మనకు రుచుల పట్టింపు తగదు.

ఇప్పటి కాలపు కుటుంబపటం గోడ వదిలి రోడ్డెక్కింది. ఏ ఊరి నాలుగు రోడ్ల కూడలిలో చూసినా పెద్దకర్మ ఫ్లెక్సీ కనిపిస్తుంది. నడుమ చనిపోయినవారి నిలువెత్తు బొమ్మ, కింద వరుసలు వరుసలుగా కొడుకులు, కోడండ్లు, బిడ్డలు, అల్లుండ్లు, మనుమలు, మనుమరాండ్రు. ఒక్కొక్క ముఖం కింద పేరు. నాగరికులు చీదరించుకుంటారు గాని నాకు అది చేర్యాల పటానికి ఎంతో దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. అదే ఎరుపు, అవే గడులు, అదే నలుగురి కూడలి. పైగా పేర్లు కూడా ఉన్నాయి. దాని దోషం ఒక్కటే, ఆయుష్షు. ఎండకు ఆ రంగులు కొన్ని నెలలకే వెలిసిపోతాయి, ఆ తరువాత దాన్ని గడ్డివాము మీద కప్పుతారు.

మొన్న వేసవిలో మేము మా ఇంటికొక పెద్దపటం చేసుకున్నాం. నాలుగడుగులు, మూడడుగులు. చేయదలచినవారికి పనికివస్తుందని కొన్ని సంగతులు రాస్తున్నాను. మొదటిది, అసలు ఫోటోకు కత్తెర తగలనీయవద్దు. పాత పటాల్లో చట్రంలో పట్టడానికి అంచులు కోసేశారు; ఆ కోసేసిన అంచులోనే స్టూడియో ముద్ర, తారీఖు, పక్కన నిలబడ్డ ఎవరిదో భుజం ఉండేవి. స్కాన్ చేసి నకలుతో పనిచేయండి. పాస్‌పోర్టు ఫోటో వెడల్పు 35, ఎత్తు 45 మిల్లీమీటర్లు. దాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డం 827, నిలువు 1063 చుక్కలు వస్తాయి. గోడ మీది పటాన్ని రెండు మూడడుగుల దూరం నుండి చూస్తాం గనుక అంగుళానికి 150 చుక్కలు చాలు. అంటే అంత చిన్న ముఖం కూడా ఐదున్నర అంగుళాల వెడల్పు దాకా చెదరకుండా పెరుగుతుంది. ఓటరు కార్డుకు మాత్రం ఈ లెక్క పనిచేయదు. అది అచ్చులోనే మసక. పెంచితే మసకే పెరుగుతుంది. దాన్ని చిన్నదిగానే ఉంచాం, నడుమ ఉంచాం.

రెండవది, అద్దానికి అంటుకుపోయిన పాత ఫోటోను లాగవద్దు. వానాకాలపు తేమకు ఫోటో మీది జెలటిన్ పొర మెత్తబడి గాజును పట్టుకుంటుంది. లాగితే ముఖం గాజు మీద, కాగితం మీ చేతిలో. అద్దంతో సహా స్కాన్ చేయడమే మేలు. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండిది, మంచిగా కడిగి ఆరవేసినదైతే వందేండ్లు ఉంటుంది. 1970, 80లలోని రంగుల ఫోటోలలో ఉన్నవి అద్దకాలు. అవి చీకట్లో ఉంచినా వెలుస్తాయి, ఒక్కో రంగు ఒక్కో వేగంతో వెలుస్తుంది. అందుకే మా అక్కయ్య పెండ్లి అంతా ఎర్రబారిపోయింది. నిలవ ఉండవలసినది ముందు స్కాన్ చేయవలసి వస్తే తాత ఫోటోను పక్కన పెట్టి అక్కయ్య ఫోటో తీయండి. వెనకటి దుకాణాలవారు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు, పురుగు పట్టకుండా. పురుగు పట్టలేదు నిజమే. ఆ జిగురు పట్టిన చోట ఫోటో పచ్చబడింది.

మూడవది అన్నిటికంటే కష్టమైనది: వరుస. తాత నడుమ, సంతానం చుట్టూ అన్న పాతపద్ధతి పెడితే పటం తేలికగా కుదురుతుంది, కాని ఆడబిడ్డల సంతతి అంచులకు పోతుంది. తారీఖుల వరుస పెడితే తారీఖులు లేవు. మేము చివరకు ఇండ్ల వరుస పెట్టాం: ఊళ్లోని పెంకుటిల్లు, మట్టెవాడలో అద్దెకున్న పోర్షను, హనుమకొండలో కట్టుకున్నది. ఎవరు ఏ ఇంట్లో ఉండగా తీసిన ఫోటో ఆ ఇంటి గడిలో. ఇండ్లు అయితే అందరికీ గుర్తున్నాయి. నాయనమ్మ చేయి మొదటి ఇంట్లోనూ, ముఖం మూడవ ఇంట్లోనూ వచ్చాయి. మధ్యలో ఆమె లేదు, ఆ గడిలో ఆమె చేతి ఇత్తడి గిన్నె ఫోటో పెట్టాం. మా తమ్ముడికి ఇది నచ్చలేదు. గిన్నెను కుటుంబసభ్యురాలిగా ఎట్లా లెక్కిస్తామని వాడి వాదన. అమ్మ గిన్నె వైపే మొగ్గింది.

పేర్ల కోసం మేము కూనపులివారిని వెతకనక్కరలేదు, మా మేనత్తకు ఎనభైరెండేండ్లు, జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఫోటోలన్నిటికీ నంబర్లు వేసి ఆమె ముందు పరిచాం, ఫోను రికార్డింగులో పెట్టాం. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని, కండ్లకు దగ్గరగా పెట్టుకొని, "గీమె మా పెద్దబాపు బిడ్డ గాదురా, నర్సంపేట కిచ్చిండ్రు, కాన్పుల పోయింది" అని ఒక్క వాక్యంలో ఒక జీవితం చెప్పి కింద పెట్టేది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆ మాటలన్నీ రాసి, నంబర్ల ప్రకారం అచ్చువేసి, పటం వెనుక అట్టకు ఒక కవరులో పెట్టాం. నకళ్లు తోబుట్టువులందరికీ పంపాం. అసలు ఫోటోల వెనుక మెత్తని పెన్సిలుతో రాశాం. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే అక్షరాలు ముఖం వైపు ఉబుకుతాయి, సిరా పెన్నైతే తేమకు ఊరుతుంది.

మొత్తం అరవైనాలుగు ఫోటోలు. అరవైమూడింటికి పేర్లు దొరికాయి. ముప్పైయేడవ నంబరు ఒక జాతర ఫోటో. అట్టతో చేసిన చందమామ మీద ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. ఒకరు మా మేనత్తే. రెండవ అమ్మాయి నవ్వుతున్నది. మా పటం మొత్తంలో పండ్లు కనిపించేలా నవ్విన ముఖం అదొక్కటే. మేనత్త చాలాసేపు చూసింది. "సోపతిది. పేరు నాలిక మీదనే ఉన్నది" అన్నది. సద్దుల బతుకమ్మకు వచ్చినప్పుడు మళ్లీ చూస్తానన్నది. జాబితాలో ఆ నంబరు ఎదుట జాగా వదిలిపెట్టాం.